సోటోల్ మొక్కలకు వానాకాలంలో మొవ్వు కుళ్లు, ఎలా ఆపాలి?

మేముండేది పశ్చిమ టెక్సాస్‌లో, చివావా ఎడారి అంచున. ఇక్కడి కొండల మీద తనంతట తాను పెరిగే, కిత్తనారను పోలిన సోటోల్ మొక్క మొదలును కాల్చి, పులియబెట్టి, బట్టీ పట్టి మద్యం తీస్తారు. మొక్క ముదరడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది, కోస్తే ఆ మొదలు మొత్తం పోతుంది. అందుకే కొండ మీది మొక్కల జోలికి పోకుండా విత్తనంతోనే పెంచాలని నా పట్టుదల.

కుండీల్లో రెండేళ్లు చక్కగా పెరుగుతున్నాయి. మార్చిలో పొలంలో నాటితే, జూలై వానలు మొదలైన రెండు మూడు వారాలకు మొవ్వు ఆకులు పసుపు తిరుగుతున్నాయి. పట్టుకుని లాగితే చేతికొచ్చేస్తాయి. అడుగున మెత్తగా, గోధుమ రంగులో, పుల్లటి వాసన. వేర్లు మాత్రం తెల్లగా గట్టిగా ఉంటున్నాయి. కిత్తనారకు పట్టే ముక్కు పురుగేమో అని కోసి చూశాను, ఆనవాలు లేదు.

నేల రాళ్లతో, సున్నంతో ఉంటుంది, పీహెచ్ 8.1. అడుగు లోతులో గట్టి సుద్ద పొర. వానలు రాగానే డ్రిప్ ఆపేశాను. మొదళ్ల చుట్టూ కంకర పరిచాను. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ల మందు) కలిపి పోశాను. 20 సెంటీమీటర్ల ఎత్తు కట్టల మీద నాటినవి కొన్ని నిలబడ్డాయి, కానీ కుళ్లు ఆగలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

అనంతపురం వైపు సుద్ద నేలల్లో కలబంద, కిత్తనార పెంచినవాళ్లు చెప్పండి: ముందు ఆ సుద్ద పొర పగలగొట్టాలా, లేక నాటడం వానలు వెళ్లాక అక్టోబరుకు జరిపితే సరిపోతుందా?