డాలర్ కాయిన్ కొత్త డిజైన్లు: ఏడాదికి నాలుగు అవసరమా?

భీమవరం_రామం
అమెరికా మింట్ (టంకశాల) వేస్తున్న 2026 ఇన్నోవేషన్ డాలర్ల డిజైన్లు చూశారా అందరూ? తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2018లో మొదలుపెట్టి 2032 దాకా ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో డాలర్ కాయిన్ వేస్తున్నారు, ఏడాదికి నాలుగు. ముందువైపు అన్నిటికీ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీయే, వెనకవైపు ఆ రాష్ట్రంవాళ్లు కనిపెట్టిందో కట్టిందో ఏదో ఒకటి. ఈసారి అయోవాకి గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్, విస్కాన్సిన్‌కి క్రే-1 సూపర్ కంప్యూటర్, మినెసోటాకి లారీల్లో పెట్టే రిఫ్రిజిరేషన్, కాలిఫోర్నియాకి స్టీవ్ జాబ్స్. జాబ్స్ కాళ్లు మడుచుకుని కూర్చున్న బొమ్మ, వెనకాల కొండలు. నాకైతే నచ్చింది. నా బాధల్లా ఒక్కటే, డేటూ మింట్ మార్కూ (ఏ మింట్‌లో కొట్టారో చెప్పే అక్షరం) అంచు మీద కొడుతున్నారు. ఆల్బమ్‌లో పెట్టాక అంచు కనపడదు కదా, ఏ ఏడాదిదో తెలుసుకోవాలంటే పీకి చూడాలి. డేటు మొహం మీదకి తేవాలా వద్దా, అంతే నా ప్రశ్న.

చెర్లపల్లి_చుక్క
రామం సారు, డిజైన్లు మంచిగనే ఉన్నయి కాదనను. కానీ ఒక్కటి చెప్పున్రి, గీ కాయిన్లల ఒక్కటన్న ఇచ్చి దుకాణంల పాలు కొన్నోడు ఉన్నడా? 2011 డిసెంబర్‌ల ట్రెజరీ చలామణి కోసం డాలర్ కాయిన్లు కొట్టుడు బంద్ పెట్టింది. అప్పటికే ఫెడరల్ రిజర్వ్‌ల 140 కోట్ల దాకా ఊకెనే పడి ఉన్నయి, బయటికి పంపినయాటిల నూటికి నలభై మళ్ల ఎనుకకే వస్తున్నయి. 2012 కెల్లి కొట్టేదంత మీ అసొంటి కలెక్టర్ల కోసమే. మరి డేటు మొహం మీద ఉంటేంది, వీపు మీద ఉంటేంది?

భీమవరం_రామం
నేనడిగింది డేటు గురించండీ. చలామణి గురించి కాదు.

హెచ్1బీ_హరి
మా అపార్ట్‌మెంట్ లాండ్రీ మెషిన్ క్వార్టర్లు (పావు డాలర్ బిళ్లలు) తప్ప ఏదీ మింగదు. డాలర్ కాయిన్ వేస్తే ఉమ్మేస్తుంది. నాకు ఈ చర్చ ఇక్కడితో ఐపోయింది 😄

భూతద్దం_భారతి
రామం గారూ, అంచు మీద రాత మీకు బాధేమో గానీ నాకు పండగ. కాయిన్ కొట్టాక అంచు రాత వేరే మెషిన్‌లో వేస్తారు, అందుకే కొన్నిటికి అక్షరాలు లిబర్టీ వైపు తిన్నగా, కొన్నిటికి తలకిందులుగా ఉంటాయి. 2007లో ప్రెసిడెంట్ల సిరీస్ మొదలైనప్పుడు జార్జ్ వాషింగ్టన్ కాయిన్లు కొన్ని ఆ మెషిన్ ఎక్కకుండానే బయటికొచ్చేశాయి. అప్పట్లో "ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్" కూడా అంచు మీదే ఉండేది కాబట్టి దేవుడు లేని డాలర్లని పేరు పడింది, జనం గోల చేశారు, 2009 నుంచి ఆ మాటని ముందువైపుకి తెచ్చారు. దేవుణ్ణి తెచ్చినప్పుడు డేటుని తేవడం ఎంతసేపు, కానీ తేకూడదనే నా కోరిక. మొహం మీద రాత తగ్గితేనే బొమ్మకి చోటు.

భీమవరం_రామం
భారతి గారూ, మీరు ఎర్రర్ల కోసం కొంటారు కాబట్టి అలా అంటారు. నా దగ్గర 2018 నుంచీ పీ (ఫిలడెల్ఫియా), డీ (డెన్వర్) రెండు మింట్లవీ ఒక్కటి మిస్ కాకుండా ఉన్నాయి. మొన్న మా మేనల్లుడు ఆల్బమ్ తిరగేసి "మామయ్యా వీటిమీద ఇయర్ లేదేంటి, ఇవి టోకెన్లా?" అన్నాడు. వాడి మాటకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

తెనాలి_కుర్రాడు
అందరికీ నమస్తే, కొత్త మెంబర్‌ని. మా తాతగారి ట్రంకు పెట్టెలో పసుపు రంగు డాలర్ కాయిన్ దొరికింది, ఒకావిడ వీపున పిల్లాణ్ణి కట్టుకుని ఉంది, 2000 అని ఉంది. అమ్మితే ఎంతొస్తుంది?

చెర్లపల్లి_చుక్క
మేనల్లుడు మస్తు మాట చెప్పిండు. టోకెన్లే అవి. డాలర్ మొహం ఉన్న ఇరవై ఐదు కాయిన్ల రోల్‌ను ముప్పై డాలర్ల మీదికి పెట్టి మింటే అమ్ముతది. రూపాయి బిళ్లను రూపాయి పావలకు కొన్నట్టు. మీరు కొంటరు, పెట్టెల పెడుతరు, మళ్ల ఏడాది ఇంకో నాలుగు. గిన్ని డిజైన్లు ఎందుకో నేను చెప్త, జనం వాడనిదాన్ని మీతోని కొనిపియ్యనీకి.

మా దగ్గర చూడున్రి. పది రూపాయల బిళ్ల మీద డిజైన్ల మీద డిజైన్లు తెచ్చిండ్రు. పది గీతలదే అసలుది, పదిహేను గీతలది నకిలీ అని ఎవడో పుకారు లేపిండు, చాయ్ బండికాడ తీసుకోరు, కూరగాయలామె తీసుకోదు. 2018 జనవరిల రిజర్వ్ బ్యాంకే చెప్పాల్సి వచ్చింది, పద్నాలుగు డిజైన్లు ఉన్నయి, అన్నీ చెల్లుతయి అని. అయినా ఇయ్యాల్టికి మా గల్లీల తీసుకోనోళ్లు ఉన్నరు. బొమ్మ మాటిమాటికి మారిస్తే నమ్మకం పోతది.

భీమవరం_రామం
పది రూపాయల బిళ్లకీ దీనికీ ఏంటి సంబంధం. అమెరికాలో డాలర్ కాయిన్ నడవకపోవడానికి డిజైన్ కారణం కానే కాదు, డాలర్ నోటు కారణం. కెనడా వాళ్లు 1987లో లూనీ అనే డాలర్ కాయిన్ వేశారు, 1989లో ఒక డాలర్ నోటు ఇవ్వడం ఆపేశారు, జనం రెండు రోజులు గొణుక్కుని జేబులో వేసుకున్నారు. ఇక్కడ నోటు ఆపే దమ్ము ఎవరికీ లేదు. జీఏఓ అనే ఆడిట్ ఆఫీసు ఏళ్ల తరబడి నోటు తీసేస్తే డబ్బు మిగులుతుందని రిపోర్టుల మీద రిపోర్టులు రాసింది, 2019కి వచ్చేసరికి నోట్లే ఎక్కువ కాలం మన్నుతున్నాయి కాబట్టి ఇంక మిగిలేదేం లేదని మాట మార్చింది. దాంతో ఆ కథ ముగిసింది. నడవదని తేలిపోయాక బొమ్మలు అందంగా వేసుకుంటే మీకొచ్చిన నష్టమేంటి?

కందిపప్పు
బోర్లాగ్‌ని వేశారంటే సంతోషం. 1970లో నోబెల్ శాంతి బహుమతి. కానీ ఆయనది గోధుమ. మా వైపు అన్నం పెట్టింది ఐఆర్-8 వరి, ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో వేసి చూపించారు. ఆయన బొమ్మతో మనవాళ్లు ఒక కాయిన్ వెయ్యచ్చు.

హెచ్1బీ_హరి
ఇదంతా సరే గానీ ఇప్పుడున్న ప్రెసిడెంట్ బొమ్మతో డాలర్ కాయిన్ డ్రాఫ్ట్ వచ్చింది కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం

మోడరేటర్
అది ఇక్కడొద్దు. రాజకీయాల సెక్షన్‌లో ఇప్పటికే మూడు థ్రెడ్లు కొట్టుకుంటున్నాయి, అక్కడికెళ్లండి.

చెర్లపల్లి_చుక్క
నష్టం ఏందంటరా. డాలర్ కాయిన్ నడ్వదని తేలింది అంటున్నరు, ఈక్వడార్ పోయి చూడున్రి. 2000ల వాళ్లు డాలర్‌నే సొంత పైస చేసుకున్నరు, సకాజవియా బిళ్లలు, గదే తెనాలి పోరడు చెప్పిన పిల్లాణ్ణి కట్టుకున్నామె బొమ్మవి, అక్కడ అంగట్ల చేతులు మారి మారి నల్లగైనయి. అంటే బిళ్ల తప్పు లేదు. పట్టుకుంటే తెలిసే బిళ్ల ఒక్కటి ఇచ్చి, బొమ్మ మార్చకుంట ఉంటే జనం అలవాటు పడుతరు.

ఆడోళ్ల ఓటు హక్కు కోసం కొట్లాడిన సూసన్ ఆంథనీ బొమ్మ డాలర్ ఏమైంది మరి? 1979ల ఒక్క ఏడాదిలనే 75 కోట్ల మీద కొట్టిండ్రు. మొదలు పదకొండు మూలలతోని చేద్దామనుకున్నరు, వెండింగ్ మెషిన్లోళ్లు అడ్డం పడ్డరు, ఇగ మూలల్ని అంచు లోపలికి బొమ్మ లెక్క గీసి బిళ్లను గుండ్రంగ కొట్టిండ్రు. సైజు 26.5 మిల్లీమీటర్లు, క్వార్టర్ 24.3. రంగు అదే, అంచుకు గీతలు అవే. చీకట్ల ఎవనికి తెలుస్తది?

భూతద్దం_భారతి
చుక్క గారు ఆంథనీ విషయంలో కరెక్ట్. అందుకే 2000లో సకాజవియాకి రంగు మార్చారు, అంచు నున్నగా చేశారు, బరువు మాత్రం అదే 8.1 గ్రాములు ఉంచారు, మెషిన్లకి తేడా తెలియకుండా.

భీమవరం_రామం
చుక్క గారూ, మూడు నెలలు కూతురింటికి వచ్చి వెళ్లి అమెరికా కరెన్సీ గురించి మాకు పాఠాలు చెప్పకండి. నేను పాతికేళ్లుగా ఇక్కడున్నా. మీరు డిజైన్ అంటుంటే నాకు నవ్వొస్తోంది, ఎంతసేపూ సైజు, అంచు, మూలలు. డిజైన్ అంటే బొమ్మండీ! 2020 మేరీలాండ్ కాయిన్ మీద హబుల్ టెలిస్కోపుని భూతద్దం కింద ఎప్పుడైనా చూశారా? ఆ సన్న గీతలు పడాలంటే డై (అచ్చు) చెక్కినవాడి చెయ్యి ఎంత నిలకడగా ఉండాలి. చిల్లర లెక్కపెట్టుకునేవాళ్లకి అవేం తెలుస్తాయి.

చెర్లపల్లి_చుక్క
చిల్లర లెక్కపెట్టుకునేటోన్నే. ఇరవై ఆరేండ్లు బస్సు కండక్టర్ చేసిన, సిగ్గేం లేదు.

నువ్వు డిజైన్ అంటే ఏందో చెప్పినవు కద, నేను చెప్త ఇను. రాత్రి ఆఖరి ట్రిప్పు, బస్సుల బల్బు పోయింది, డెబ్బై మంది నిలబడ్డరు. తోలుసంచిల చెయ్యి పెడితే ఏది రూపాయో ఏది రెండో ఏలుకు తెల్వాలె. పాత రెండు రూపాయల బిళ్లకు పదకొండు మూలలుండె, అంటుకుంటనే దొరికేది. 2005 అప్పట్ల గుండ్రంగ స్టీలుది తెచ్చిండ్రు. రూపాయి అనుకొని రెండు ఇచ్చుడు షురువైంది. రాత్రి లెక్క కట్టంగ రోజూ పదో పదిహేనో తక్కువ, నా జేబులకెల్లి పెట్టిన. గా బిళ్ల మీద బొమ్మ ఎంత సక్కగున్నదో నాకు ఇప్పటికీ యాదికి లేదు. 2019ల మాత్రం కండ్లు కనబడనోళ్లకు పనికొచ్చేటట్టు కొత్త సిరీస్ తెచ్చిండ్రు, ఇరవై రూపాయల బిళ్లకు పన్నెండు మూలలు. అది డిజైన్.

ఇగ మూడు నెలల సంగతి. 2012ల న్యూజెర్సీ వచ్చిన. స్టేషన్‌ల టికెట్ మెషిన్ల ఇరవై నోటు పెడితే చిల్లరంత డాలర్ బిళ్లలే గలగలమని పడ్డయి. అండ్ల ఒక ఆంథనీ ఉండె, ఆమె ముక్కు అరిగిపోయింది. గదొక్కటే దాచుకున్న, మిగిలినయి ఖర్చు పెట్టిన. నా డబ్బాల కొత్త బిళ్ల ఒక్కటి లేదు, ఉండది.

హెచ్1బీ_హరి
🔥🔥 పాప్‌కార్న్ తెచ్చుకున్నా

భూతద్దం_భారతి
ఆగండాగండి. మీరిద్దరూ ఇంతసేపూ వేరేవేరే వాటి గురించి కొట్టుకుంటున్నారు. రామం గారు కంటితో చూసేదాన్ని డిజైన్ అంటున్నారు, చుక్క గారు చేతికి తగిలేదాన్ని అంటున్నారు. ఇది నాలుగు గంటల క్రితం తెలిసుంటే నేను వంట చేసుకునేదాన్ని.

భీమవరం_రామం
చిల్లర అన్న మాట తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ నేను మింట్ చేతిలో మోసపోతున్న పిచ్చివాణ్ణి అన్నట్టు మాట్లాడితే ఒళ్లు మండదా. ఇంట్లో ఇప్పటికే అంటున్నారు, ఇక్కడ కూడానా.

నేను 2000లో వచ్చాను. మా ఆవిడ అక్కడ భీమవరంలో, ఏడో నెల. వీసా స్టాంపింగ్ అయ్యేసరికి ఇంకెన్నాళ్లు పడుతుందో తెలీదు. ఒక రోజు పోస్టాఫీసులో స్టాంపుల మెషిన్‌లో చిల్లర కింద సకాజవియా పడింది. పసుపు రంగు చూసి బొమ్మ డబ్బేమో అనుకున్నా. ఆవిడ వెనక్కి తిరిగి మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది, వీపున చంటిపిల్లాడు నిద్రపోతుంటాడు. రూముకెళ్లి లైటు కింద చాలాసేపు చూశా. నా కలెక్షన్ అక్కడ మొదలైంది. బొమ్మ వల్ల మొదలైంది, మూలల వల్ల కాదు.

చెర్లపల్లి_చుక్క
మంచిగ చెప్పినవు. మరి గది నీకు ఎట్ల దొరికింది?

భీమవరం_రామం
చెప్పాను కదా, స్టాంపుల మెషిన్‌లో.

చెర్లపల్లి_చుక్క
చిల్లరల దొరికింది. రోల్ కొన్నవా? ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టినవా? ఇయ్యాల నీ లెక్క కొత్తగ దిగిన పోరనికి జాబ్స్ బిళ్ల గట్ల దొరుకుతదా? గిదే నేను పొద్దటి నుంచి మొత్తుకునేది.

భీమవరం_రామం
దొరకదు. సరే. అయితే ఏంటి, నాకు దొరికినదాన్ని ఆ రోజే మళ్లీ ఖర్చు పెట్టేసి ఉండాల్సిందా? మీ లెక్క ప్రకారం అది చేతులు మారి మొహం అరిగిపోయి ఉండాలి. ఆ పిల్లాడి మొహం అరగడం నాకిష్టం లేదు, అందుకే కవర్‌లో పెట్టా, అందుకే మిగతావీ అరగనివి కొంటున్నా.

చెర్లపల్లి_చుక్క
నీకు అరిగితే బాధ. నాకు అరగకపోతే బాధ. ఇగ మనం ఎంత కొట్టుకున్నా గింతే ఉంటది. కాయిన్ ఉంచుకో తియ్, ఎవడొద్దన్నడు.

కందిపప్పు
డేటు మొహం మీద ఉండాలా వద్దా అని కదా మొదలైంది?

భీమవరం_రామం
ఉండాలి. అందులో మార్పు లేదు.

భూతద్దం_భారతి
వద్దు.

తెనాలి_కుర్రాడు
సార్, నా ప్రశ్నకి ఎవరూ చెప్పలేదు. తాతగారి కాయిన్ అమ్మితే ఎంతొస్తుంది?

చెర్లపల్లి_చుక్క
డాలర్ వస్తది బిడ్డా. మస్తుగ కొట్టిండ్రు అవి, ఆ ఒక్క ఏడాదిలనే 120 కోట్ల మీద.

భూతద్దం_భారతి
తొందరపడకమ్మా. డేటు కింద పీ అని ఉందా చూడు. ఉంటే వెనక్కి తిప్పి, ఎగిరే గద్ద తోక ఈకలు భూతద్దంతో చూడు. 2000లో చీరియోస్ సీరియల్ డబ్బాల్లో వేయడానికి 5,500 కాయిన్లు ఇచ్చారు, వాటిలో కొన్నిటికి తోక ఈకల మీద సన్న గీతలు బాగా లోతుగా ఉంటాయి, మామూలు వాటికి ఉండవు. అది 2005 దాకా ఎవరూ గమనించలేదు. అలాంటిదైతే వేల డాలర్లు. ఫోటో పెట్టు, వెలుతురు పక్కనుంచి పడేట్టు తియ్యి. గుడ్డతో తోమకు!

తెనాలి_కుర్రాడు
మేడమ్ పీ ఉంది. కానీ పొద్దున అమ్మ చింతపండు పెట్టి తోమేసింది.

భీమవరం_రామం
అయ్యో.

చెర్లపల్లి_చుక్క
నాకు పంపు బిడ్డా, డాలర్ ఇస్త.