18 రూపాయల బైబ్యాక్ కోసం ఆగాలా, 11కే అమ్ముకోవాలా?

కోనసీమ వాసి:
ఈ కంపెనీ షేర్లు నా దగ్గర 10,000 ఉన్నాయి. కొబ్బరి దింపు డబ్బుతో రెండేళ్లుగా కొద్దికొద్దిగా కొన్నవి. 40 లక్షల షేర్లను 18 రూపాయల చొప్పున తిరిగి కొంటామని బోర్డు ప్రకటించి మూడు నెలలైంది. ఆ వారం ధర 9 నుంచి 14కు ఎగిరింది, ఇప్పుడు 11. కొందరు వాటాదారులు అభ్యంతరం చెప్పడంతో ఆగిందంటున్నారు. ఏం చేయమంటారు?

భీమవరం చెరువు:
ఆగండి. ఇస్తామన్న 18కి అడ్డుపడినవారే మనకు అన్యాయం చేస్తున్నారు. మనల్ని బెదరగొట్టి చౌకగా కొనుక్కోవాలని వారి ఆలోచన. సరైన కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న సైజు లెక్క) రాకముందే భయపడి రొయ్యలు పట్టేసినవారికి ఏం మిగిలిందో మా ఊళ్లో చాలాసార్లు చూశాం.

శివారు రైతు:
వారిది తప్పు కాదండి. బ్యాలెన్స్ షీటు తీసి చూడండి. చెల్లించిన మూలధనం 40 కోట్లు, ఫ్రీ రిజర్వులు, అంటే పంచుకోవడానికి వీలున్న మిగులు నిధులు, 6 కోట్లు. 2013 కంపెనీల చట్టం 68వ సెక్షను ప్రకారం బోర్డు తనంతట తాను ఈ మొత్తంలో 10 శాతం వరకే బైబ్యాక్‌కు వాడగలదు. అంటే 4 కోట్ల 60 లక్షలు. ఇక్కడ కావలసింది 7 కోట్ల 20 లక్షలు. దానికి వాటాదారుల ప్రత్యేక తీర్మానం తప్పదు, వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు రావాలి. ఆ ఓటింగే పెట్టలేదు. వారు అడిగింది అంతే.

భీమవరం చెరువు:
రేపు ఓటింగ్ పెడతారు, నెగ్గుతుంది. 2 లక్షల రూపాయల లోపు షేర్లున్న మనకు బైబ్యాక్‌లో 15 శాతం కోటా కూడా ఉంది కదా?

శివారు రైతు:
నియమం పూర్తిగా చదవండి. 15 శాతం లేదా మన వాటా ప్రకారం వచ్చేది, ఏది ఎక్కువైతే అది. పెద్ద కంపెనీల్లో చిన్నవారి వాటా తక్కువ కాబట్టి ఆ 15 శాతం వరమే. ఇక్కడ 4 కోట్ల షేర్లలో కోటీ 20 లక్షలు మనలాంటివారివే, అంటే 30 శాతం. కోటా వల్ల ఒరిగేదేమీ లేదు. 40 లక్షల్లో మన వంతు 12 లక్షలు, అందరూ ఇస్తే పదింటికి ఒకటి. ప్రమోటర్లూ తమ షేర్లు ఇస్తామన్నారు కనుక వారి వంతు మనకు మిగులుతుందన్న ఆశా పెట్టుకోవద్దు. కోనసీమ వారి 10,000లో 1,000కే 18 వస్తుంది. మిగతా 9,000 సంగతి ఏమిటి?

నాకు మరో చిన్న కంపెనీలో ఇదే జరిగింది. 3,000 ఇస్తే 340 తీసుకున్నారు. మిగిలినవి డీమ్యాట్‌కు తిరిగి వచ్చిన మర్నాటి నుంచి రోజూ లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజు ధర పడగలిగిన కింది హద్దు. ఉదయం 9:15కు కాలువ గట్టు మీద నిలబడి అమ్మకం ఆర్డరు పెట్టేవాణ్ని. కొనేవారి వైపు సున్నా. పదకొండు రోజులు అదే సున్నా చూశాను. డౌళేశ్వరంలో నీరు వదిలారని వినగానే శివారు పొలంలో నారు పీకం కదా, బోదెలోకి వచ్చాకే పీకుతాం. పబ్లిక్ ప్రకటన వెలువడి, ఎస్క్రో ఖాతాలో (హామీగా విడిగా ఉంచే ఖాతా) డబ్బు పడేదాకా 18 అనేది మాట మాత్రమే.

నరసాపురం లేసు:
నావి 2,000, పదమూడున్నరకు కొన్నాను. కుట్టుపనితో కూడబెట్టిన డబ్బు, నష్టానికి అమ్మడానికి మనసు రావడం లేదు. కంపెనీ సెక్రటరీకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నిన్న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వారి ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టాను. 21 రోజుల్లో కంపెనీ బదులివ్వాలి. ఓటింగ్ ఎప్పుడు, ఆ 18 ధర ఎలా నిర్ణయించారు, ఈ రెండే అడిగాను.

భీమవరం చెరువు:
అమ్మా, ఫిర్యాదు మంచిదే. లెక్కలూ ఒప్పుకుంటున్నాను. కానీ కంపెనీకి అప్పు లేదు, ఈ ధరకు నేను అమ్మను.

కోనసీమ వాసి:
రేపు 6,000 అమ్మకానికి పెడుతున్నాను. అమ్మాయి కళాశాల ఫీజు కట్టాలి. 4,000 ఉంచుతున్నాను, ఓటింగ్ పెడితే నా ఓటు ఉండాలి. నరసాపురం వారూ, మీ ఫిర్యాదులోని మాటలు ఇక్కడ పెడితే నేనూ అవే ప్రశ్నలతో పంపుతాను.