కాయ కాయని రేల చెట్టు దొరుకుతుందా?

బరంపురం మేడతోట:
మా వీధిలో ఒక రేల చెట్టు ఉంది, ఇక్కడి ఒడియావాళ్లు సునారి అంటారు. ఎండాకాలం దాన్ని చూడడానికి రెండు కళ్లు చాలవు. గొడవంతా ఆ తర్వాతే. మూరెడేసి కాయలు స్కూటర్ల మీద రాలుతున్నాయని, కొట్టించేయమని పక్కింటాయన ఒకటే పోరు. కాయని రకం ఎవరైనా తయారు చేశారా?

పర్లాకిమిడి అంట్లు:
ఉందండీ, కానీ హవాయిలో. మన రేలనీ గులాబీ పూల జావా రేలనీ కలిపిన సంకరం అది, రెయిన్‌బో షవర్ అంటారు. హొనొలులు వీధుల్లో అదే. కాయ దాదాపు పట్టదు, అందుకే అంటు కట్టుకోవాల్సిందే.
నాలుగేళ్లుగా నేనూ ఆ సంకరం చేసే పనిలోనే ఉన్నా. మర్నాడు విచ్చే రేల మొగ్గను సాయంత్రమే విప్పి, పది కేసరాలూ పట్టకారుతో లాగేసి, బటర్ పేపర్ కవరు కడతా. తెల్లారాక జావా రేల కేసరాన్ని బ్లేడుతో చీరి పుప్పొడి రాస్తా. ఊరికే దులిపితే సరిగా రాలదు, ఆ పని తుమ్మెద రొదకే సాధ్యం. నిరుడు యాభై పూలకి రాస్తే రెండు కాయలు నిలిచాయి. ఒకటి కోతి తెంపుకుపోయింది!

గుణుపురం మాస్టారు:
కోతికి ఉన్న ఆత్రం మనకుంటే కుదరదు లెండి. మొక్క పూతకి రావడానికే ఏళ్లు పడుతుంది. హాంకాంగ్ కాంచనం చూడండి, రెండు కాంచనాలు తమంతట తామే కలిసి పుట్టింది. గింజ పట్టదు. ఒక్క చెట్టు నుంచే కొమ్మలూ అంట్లూ ఊళ్లకి ఊళ్లు పాకాయి. అన్నీ ఒకే రక్తం, తెగులొస్తే అన్నిటికీ వస్తుందన్నదే నా భయం.

రాయగడ సుబ్బులు:
తెగులు కంటే ముందు గాలి సంగతి చూడండి మాస్టారూ. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పర్లాకిమిడిలో మా అన్నయ్యగారింటి ముందు తురాయి కూలింది. దాని వేళ్లు నర్సరీ కవరు ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి! కొమ్మకి గాలి అంటు కట్టినదానికి తల్లివేరే ఉండదు. అందుకని గింజ మొలిచిన నాటు రేల మీదే అంటు కట్టండి, కవర్లో ఎక్కువ కాలం ఉంచకండి.

పర్లాకిమిడి అంట్లు:
నిజమే అక్కా, ఇకపై అలాగే చేస్తా. నా ఇబ్బంది వేరే ఉంది. ఇక్కడి రేల పూత అయిపోయాక గానీ నా జావా రేల విచ్చదు.

బరంపురం మేడతోట:
మాది కాస్త ఆలస్యంగానే పూస్తుంది. కాయలు పచ్చిగా ఉండగానే నేను కోయిస్తానంటే పక్కింటాయన మెత్తబడ్డారు. వచ్చే వేసవికి మీ పుప్పొడి పట్టుకుని రండి. మేడ మీద నిలబడితే కొమ్మ చేతికి అందుతుంది.