పుట్టిన ఏడాది తెలియని పెద్దవాళ్ల వయసును బేసియన్ నెట్‌వర్క్‌లో ఎలా పెట్టాలి?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా నాయనమ్మ కాలవగట్టు మీద జారి, తుంటి విరిగి మంచాన పడింది. అప్పటి నుంచి నాకిదే ధ్యాస. 60 దాటినవాళ్లలో ఎవరు పడిపోయే ప్రమాదం ఎక్కువో ముందే అంచనా కట్టే బేసియన్ నెట్‌వర్క్ (వయసు, బీపీ లాంటి విషయాలు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడతాయో సంభావ్యతలతో చూపే మోడల్) తయారుచేస్తున్నాను.

చాలామందికి పుట్టిన ఏడాది తెలీదు. "53 వరదకి (1953 గోదావరి వరద) నేను చంకలో పిల్లనండి" అంటారు. కార్డులో వయసేమో ఇంకోటి. ఒక్క అంకె వేసేయకుండా, ఏ వయసుకి ఎంత అవకాశమో సంభావ్యతలుగా ఇవ్వొచ్చా? ఈ నెట్‌వర్క్‌లకు ఆద్యుడైన శాస్త్రవేత్త జుడియా పెర్ల్ చెప్పిన వర్చువల్ ఎవిడెన్స్ (ఖచ్చితంగా తెలియని ఆధారాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పి మోడల్‌కి ఇవ్వడం) ఇక్కడ పనికొస్తుందా?

అసలు టెన్షన్ ఇంకోటి. బీపీ రీడింగ్ లేనివాళ్లలో ఎక్కువమంది బీపీ చూసే క్యాంపు దాకా నడవలేనివాళ్లే. ఖాళీలను సగటుతో నింపితే వాళ్లే ఆరోగ్యంగా కనిపిస్తారు. "రీడింగ్ లేదు" అన్నదాన్నే ఒక నోడ్‌గా (నెట్‌వర్క్‌లో ఒక విడి అంశంగా) పెట్టాలా? ఇలాంటిది చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.