అప్‌డేట్: పలాస జీడిపప్పు బిల్లుల జాబితా, చివరి పేజీల సమస్య తీరింది

అడిగింది ఇదీ: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక వ్యాపారి బిల్లులు తీస్తే మొదటి పేజీలు టక్కున వస్తాయి, లోపలికి పోయేకొద్దీ నత్తనడక ఎందుకు?

దోషం ఆఫ్‌సెట్‌దే, అంటే 'ఇన్ని వరసలు దాటేసి ఇవ్వు' అనే ఆదేశానిది. ఆఫ్‌సెట్ 50000 అంటే ఆ 50000 వరసలూ చదివి పారేశాకే మనకు కావలసిన 50 ఇస్తుంది. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వేసుకునే సూచిక) ఉన్నా అంతే. ఇప్పుడు ఆఫ్‌సెట్ మానేసి, (వ్యాపారి_ఐడీ, తేదీ, బిల్లు_ఐడీ) మీద ఒకే ఇండెక్స్ వేసి, వ్యాపారితోపాటు "(తేదీ, బిల్లు_ఐడీ) < (గత పేజీ ఆఖరి వరసలోవి)" అని అడుగుతున్నా. వరస క్రమం చెప్పే ఆర్డర్ బైలో రెండూ డిసెండింగే (పెద్దవి ముందు) ఉండాలి. తేదీ ఒక్కటే పెడితే ఒకే రోజు బిల్లులు కొన్ని జారిపోతాయి, సీజన్‌లో మరీనూ.

నెలాఖరులో బిల్లులన్నీ ఎగుమతి చేయడానికి మాత్రం, ఫలితాన్ని సర్వర్‌లోనే ఉంచి విడతలుగా తెచ్చే కర్సరే నయం. పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ2లో కర్సర్‌కి పేరివ్వకపోతే ఫలితమంతా క్లయింట్ మెమరీలో వచ్చి పడుతుంది. పేరిచ్చి లూప్‌లో తిప్పితే 2000 వరసల చొప్పున తెస్తుంది. మధ్యలో కమిట్ (లావాదేవీని ఖాయం చేయడం) కొడితే, విత్ హోల్డ్ (కమిట్ తర్వాతా తెరిచి ఉంచే ఎంపిక) లేని కర్సర్ మూసుకుపోతుంది, చూసుకోండి.