పైథాన్ అభ్యాసాలు: జవాబు చూస్తే తెలిసినట్టే ఉంది, మూసేస్తే చెయ్యి కదలడం లేదు

అరండల్‌పేట_అమ్మాయి:
బీకాం రెండో ఏడు, గుంటూరు. సెలవుల్లో పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాను. సరి-బేసి, ఎక్కం, లీపు సంవత్సరం దాకా వచ్చాను. జవాబు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, మూసేసి రాయబోతే ఒక్క లైను రాదు. విడమరిచి చెప్పిన జవాబులతో అభ్యాసాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? రోజుకి ఎన్ని చేయాలి? ఫోన్ సరిపోతుందా, ల్యాప్‌టాప్ కొనక తప్పదా?

మిర్చియార్డు_కుర్రాడు:
పుస్తకంలో లెక్కలెందుకండీ, ఇంట్లో లెక్క రాయండి. నేను మా నాన్న మిర్చి లెక్క రాశాను. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఒక్కోటి ఎన్ని కిలోలు అని అడిగి మొత్తం చెప్పాలి. 3 టిక్కీలు, 45 కిలోలు అని ఇస్తే 454545 అంది! "యార్డంతా మనదేనా" అని నాన్న ఒకటే నవ్వు. టిక్కీల సంఖ్యకి, అక్షరాలని అంకెగా మార్చే ఇంట్() పెట్టి బరువుకి మర్చిపోయాను. ఇన్‌పుట్() ఏదిచ్చినా అక్షరాలుగానే తీసుకుంటుంది, అందుకే 45ని మూడుసార్లు పక్కపక్కన అంటించేసింది. సరిచేశాక 135.

బెజవాడ_బాధితుడు:
ఆ ముక్క మాకు కోచింగ్‌లో చెప్పి ఉంటే బాగుండేది. 2023లో చేరాను, ఎనిమిది వేలు కట్టాను. వాళ్ళ నోట్సులో ప్రింట్‌కి బ్రాకెట్లే లేవు. అది పాత వెర్షన్, పైథాన్ 2. ఇప్పటి పైథాన్ 3లో బ్రాకెట్లు లేకపోతే ఎర్రరే. దానికి మద్దతు 2020 జనవరి 1తోనే ఆగిపోయింది. జిరాక్సుకి జిరాక్సు తీసి అమ్ముతున్నారు. ఎర్రర్ వస్తుందంటే "నీ కంప్యూటరే తేడా" అన్నారు.

సీనియర్_12ఏళ్లు:
పన్నెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం. ఇవన్నీ పిల్లలాటలు. పాలిండ్రోమ్ తీసుకోండి, అంటే ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాట. మాటని [::-1]తో తిప్పి మొదటిదానితో సమానమా అని చూడడమే. ఒక్క లైను. దీనికి మళ్ళీ వివరణ కూడానా?

తెలుగు_మాస్టారు:
అయ్యా, మీ ఒక్క లైనుకి 'వికటకవి' ఇచ్చి చూడండి.

సీనియర్_12ఏళ్లు:
ఫాల్స్ వచ్చింది. మీ ఫాంటు సమస్య.

తెలుగు_మాస్టారు:
ఫాంటు కాదు. 'మడమ' ఇవ్వండి, ట్రూ అంటుంది. వికటకవి మనకి 5 అక్షరాలు. పొడవు చెప్పే లెన్()ని అడిగితే 7. కంప్యూటరు అక్షరాలని దాచుకునే యూనికోడ్‌ పద్ధతిలో 'వి' ఒకటి కాదు, వ ఒకటి, గుడి ఒకటి. తిప్పేసరికి గుడి వెళ్ళి వ ముందు కూర్చుంటుంది.

సీనియర్_12ఏళ్లు:
అయితే ఇది పైథాన్ లోపం. జావా నేర్చుకోమని అందుకే అంటాను.

సత్తెనపల్లి_జావా:
జావాలోనూ 7 వస్తోంది సార్, ఇప్పుడే నడిపి చూశాను.

సీనియర్_12ఏళ్లు:
కంపెనీల్లో ఎవడూ తెలుగు తిప్పడు. మాస్టారూ, మీరు పిల్లలకి గుణింతం చెప్పుకోండి.

తెలుగు_మాస్టారు:
గుణింతం రాకే కదా బాబూ మీ లైను బోర్లాపడింది.

బెజవాడ_బాధితుడు:
😂 ఎనిమిది వేలకి ఇది కూడా చెప్పలేదు మాకు.

ప్యాసింజరు_ప్రయాణం:
కొట్లాట తర్వాత పెట్టుకోండి, ఆ అమ్మాయి అడిగింది వేరు. నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడ రైల్లో ఫోన్ మీదే చేస్తాను. సీటు దొరికితే రెండు, లేకపోతే ఒకటి. జవాబు చూసిన రోజు రాయను, మర్నాడు రైలెక్కాక చూడకుండా రాస్తాను. తర్వాత లెక్కలో ఒకటి మారుస్తాను. ఎక్కం 20 దాకా కావాలని రేంజ్(1, 20) అన్నాను, 19 దగ్గరే దిగిపోయింది. చివరి అంకె లెక్కలోకి రాదని కృష్ణా కెనాల్ స్టేషన్ దాటాక వెలిగింది. లీపులోనూ అంతే, 4తో భాగిస్తే చాలనుకుంటే 1900ని లీపు చేసేసింది. వందతో పోయే ఏడాది 400తో కూడా పోవాలి. 2000 పోతుంది, 1900 పోదు.

మిర్చియార్డు_కుర్రాడు:
కృష్ణా కెనాల్ దగ్గర మా బండి అరగంట ఆపేస్తారు. అక్కడ ఇంకో రెండు చేయొచ్చు.

తెలుగు_మాస్టారు:
అమ్మాయీ, నీకో పని. ఖాళీ లిస్టు పెట్టుకో. మాటలో ఒక్కో ముక్కా చూడు. గుణింతపు గుర్తయితే లిస్టులో చివరిదానికి అతికించు, కాకపోతే కొత్తగా చేర్చు. గుర్తో కాదో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో కేటగిరీ అడుగు, 'ఎం'తో మొదలైతే గుర్తే. అప్పుడు మాటని కాదు, లిస్టుని తిప్పు. వత్తులకి ఇంకో షరతు కావాలి, అది తర్వాత.

అరండల్‌పేట_అమ్మాయి:
నాలుగుసార్లు తప్పు పోయింది మాస్టారూ. లిస్టు ఖాళీగా ఉన్నప్పుడే అతికించబోయాను, మాట ముందు నేనే పొరపాటున ఒక గుడి టైప్ చేశాను. ఇప్పుడు వి, క, ట, క, వి అని ఐదు వచ్చాయి. ట్రూ!! ఈసారి ఎక్కడా చూడకుండా రాశాను. ల్యాప్‌టాప్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సీనియర్_12ఏళ్లు:
నా పాతది ఒకటి ఖాళీగా ఉంది. 14 వేలు. బెంజ్ సర్కిల్ దగ్గరికి వస్తే చూపిస్తాను.

తెలుగు_మాస్టారు:
అందులో ఫాంటు సరిగ్గా ఉందా?