1/35 జీఎంసీ ట్రక్కు: బురద ఎంత, దుమ్ము ఎంత?

లారీచక్రం (ప్రశ్న)
1/35 కొలతలో (అసలు బండిలో 35వ వంతు) జీఎంసీ సీసీకేడబ్ల్యూ సైనిక ట్రక్కు నమూనా కిట్‌ను అతికించడం పూర్తయింది, ఇక రంగులు మొదలుపెట్టాలి. 1944లో ఫ్రాన్స్‌లో అమెరికా సైన్యానికి సరుకు మోసిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే ట్రక్కుల రవాణా వ్యవస్థలోని బండిగా, చెక్క బాడీలో పెట్రోలు డబ్బాల లోడుతో దీన్ని చూపించాలని ఉంది. ఆరు చక్రాలకూ ఇంజను శక్తి అందే, రోడ్డు లేని చోట కూడా నడిచే బండి కాబట్టి కింది భాగమంతా బురద పట్టించాలనుకున్నాను. కానీ నాటి ఫొటోల్లో చాలా బండ్లు అంత బురదగా కనిపించడం లేదు. బురద ఎంతవరకు సబబు? లోడు, టార్పాలిన్ విషయంలో కూడా అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

పాతకిట్లు
ముందు నెల నిర్ణయించుకోండి, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. రెడ్ బాల్ 1944 ఆగస్టు 25న మొదలై నవంబరు 16న ముగిసింది. ఆ బండ్లు ఎక్కువ దూరం తమకే కేటాయించిన, ఒకే వైపు రాకపోకలు సాగే రోడ్ల మీద నడిచాయి కాబట్టి, తొలి వారాల బండికి దుమ్మే ప్రధానం. రోడ్డు దిగి పొలాల్లోని డిపోలకు వెళ్లినప్పుడు అంటిన బురద చక్రాల లోపలి వైపు, ఇరుసుల మీద ఎండిపోయి కనిపిస్తే చాలు. నవంబరు బండి అయితే తడి బురదకు నాకేమీ అభ్యంతరం లేదు.

దుమ్ముకు బఫ్ (లేత ఇసుక) రంగును బాగా పలచన చేసి, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో కింది నుంచి పైకి పలుచగా కొట్టండి. ముందు చక్రాలు విసిరినది ఫుట్‌బోర్డు మీద, పెట్రోలు ట్యాంకు ముఖం మీద ఎక్కువగా చేరుతుంది. అంతకుముందే వైపర్ తిరిగే వంపు ఆకారంలో మాస్కింగ్ టేపు కత్తిరించి అద్దానికి అంటిస్తే, దుమ్ము ఆరాక టేపు తీసినప్పుడు తుడిచిన చోటు శుభ్రంగా బయటపడుతుంది. ఈ చిన్న పనికి వచ్చే ఫలితం దుమ్ము చూపడానికి అమ్మే ఖరీదైన రంగు పౌడర్లకు కూడా రాదని నా అభిప్రాయం.

ఇరుసు
పై సలహాతో ఏకీభవిస్తూ, బాడీ, లోడు గురించి చెబుతాను. ఉక్కును ఆదా చేయడానికి ఈ ట్రక్కుల్లో కొన్నింటికి చెక్క బాడీలు కట్టారు, కానీ వాటికీ ఆలివ్ రంగే వేశారు. చాలామంది పలకలన్నిటినీ పచ్చి చెక్క రంగులో వదిలేస్తారు, అది సరికాదు. సన్నని రంపపు పళ్లతో పలక పొడవునా గీతలు గీసి, ఆలివ్ వేసి, డబ్బాలు ఈడ్చిన చోట మాత్రమే, ముఖ్యంగా వెనుక డోరు దగ్గర, బూడిదరంగు చెక్క తేలేలా చేయండి. తుప్పు చెక్కకు పట్టదు, ఇనుప పట్టీలకూ మడత బందులకూ పడుతుంది.

పెట్రోలు నిండిన 20 లీటర్ల డబ్బా ఒక్కొక్కటి సుమారు 20 కిలోలు ఉంటుంది. బాడీ నేలంతా ఒక పొర పరిస్తేనే, రోడ్డు లేని చోట ఆ బండికి నిర్ణయించిన రెండున్నర టన్నుల బరువు దాదాపుగా పూర్తవుతుంది. రోడ్డు మీద దానికి రెట్టింపు వరకు అనుమతించారు కాబట్టి రెండు పొరలు పెట్టవచ్చు, కానీ అప్పుడు వెనుక కమాన్ కట్టలు చదునవ్వాలి, టైర్ల అడుగు గరుకు కాగితంతో కొద్దిగా రాసి నేలకు ఒత్తుకున్నట్లు చూపాలి. పైకప్పు దాకా డబ్బాలు పేర్చి, కింద చక్రాలు బెలూన్లలా గుండ్రంగా నిలబెట్టిన నమూనాలు చూస్తే నాకు చిరాకు వేస్తుంది. అమెరికా పెట్రోలు డబ్బాకు మరమూత ఉంటుంది, జర్మన్ డబ్బాల్లా నొక్కుడు మూత ఉండదు. విడిగా కొనేటప్పుడు గమనించండి.

టార్పాలిన్ పూర్తిగా మూస్తే ఇంత శ్రమా కనబడదు. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, వంపు బద్దల మీద సగం వరకే కప్పండి. సగం ఆరాక బద్దల మధ్య వేలితో మెల్లగా నొక్కితే గుడ్డ కుంగినట్లు వస్తుంది. కట్టే దారానికి మైనం రాయకపోతే దాని నూగు మోకులా కనిపిస్తుంది.

లారీచక్రం
ఇద్దరికీ కృతజ్ఞతలు. సెప్టెంబరు మొదటి వారం, ఒకే పొర డబ్బాలు అని నిర్ణయించుకున్నాను. కిట్‌లోని డ్రైవర్ బొమ్మనే వాడవచ్చా?

పాతకిట్లు
వాడవచ్చు. రెడ్ బాల్ డ్రైవర్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది నల్లజాతి అమెరికన్లు. అందువల్ల పెట్టె మీది బొమ్మను చూసి కాక, ఆ సంగతి తెలిసి చర్మం రంగు వేయండి. ముదురు గోధుమ మీద కాస్త ఎర్రమట్టి రంగు కలిపి వెలుగు భాగాలు తేలిస్తే ముఖం సజీవంగా వస్తుంది. తెల్ల రంగు కలిపితే మాత్రం బూడిద పూసినట్లు ఉంటుంది.